రోజూ నీళ్లు పోస్తున్నా ఎండిపోయిన 38 కుండీలు: ఒక మేడ తోట కేస్ స్టడీ

హైదరాబాద్ తూర్పు వైపు రెండంతస్తుల ఇల్లు. మేడ మీద 38 కుండీలు: గుండుమల్లె 9, మందార 8, గులాబి 7, కరివేపాకు 4, నిమ్మ 3, మిగతా ఏడింటిలో తులసి, నందివర్ధనం, చామంతి. ఎక్కువ భాగం 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలు, అంటే ఒక్కోదానిలో సుమారు 15 లీటర్ల మట్టి. ఏప్రిల్ రెండో వారంలో చూసేసరికి మందార లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలాయి. గులాబి ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. మల్లె మొగ్గ విచ్చకుండానే రాలుతోంది. కరివేపాకు ఇగురు వేలెడు కూడా సాగకుండా ఆగిపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి సగం మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి.

ఇంటివారు చెప్పింది ఒక్కటే: "రోజూ పోస్తూనే ఉన్నామండీ, ఎరువూ తప్పకుండా వేస్తున్నాం." రెండూ నిజమే. పోసిన నీళ్లూ, వేసిన ఎరువూ కుండీలోంచి ఎలా బయటికి పోతున్నాయన్నది మాత్రం ఎవరూ చూడలేదు. ఈ కేసంతా అక్కడే ఉంది.

మొదటి పని: కుండీని బోర్లించి చూడటం

వాలిపోయిన మొక్క కనిపించగానే చెయ్యి మగ్గు మీదికి పోతుంది. అంతకంటే ముందు వేలు మట్టిలోకి పోవాలి, రెండు కణుపుల లోతు దాకా. ఈ మేడ మీద వాలిన మందారల్లో ఆరింటికి ఆ లోతులో మట్టి బురదగా ఉంది. మట్టి తడిగా ఉండి మొక్క వాలిందంటే దాహం కాదు. వేర్లకు గాలి అందట్లేదు, లేదా వేర్లు కుళ్లాయి, లేదా మట్టిలో ఉప్పు పెరిగి నీళ్లున్నా వేరు లాక్కోలేకపోతోంది. ఈ మూడింటిలో దేనికైనా ఇంకో మగ్గు నీళ్లు హాని చేస్తుంది తప్ప మేలు చెయ్యదు.

ఒక మందార కుండీని పక్కకు పడుకోబెట్టి మట్టిగడ్డను బయటికి తీశాం. పైన నాలుగు అంగుళాల్లో వేర్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కింద నాలుగు అంగుళాల్లో నల్లబడ్డాయి, పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపలి దారం లాంటి నార చేతిలో మిగిలింది. మురుగుకాలువ వాసన. అట్టడుగున మూడు అంగుళాల కంకర, దాని మీద పాత బట్ట ముక్క. కుండీకి ఉన్నది ఒకే ఒక్క చిల్లు, అదీ కింద పెట్టిన పళ్లానికి అతుక్కుని సగం మూసుకుపోయింది. పళ్లెంలో రెండు వేళ్ల మందం నీళ్లు, అందులో దోమ పిల్లలు.

కంకర అడుగున వేస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. సన్నటి మట్టి రంధ్రాలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. దాని కింద పెద్ద ఖాళీలున్న కంకర ఉంటే, మట్టి అడుగు పూర్తిగా నానిపోయేదాకా నీరు అందులోకి దిగదు. అందుకని ఎప్పుడూ తడిసి ఉండే పొర కుండీ అడుగున ఉండాల్సింది కంకర మీదికి, అంటే వేర్ల మధ్యకు ఎక్కుతుంది. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి అరచేతిలో పరిస్తే కాసేపటికి కారడం ఆగుతుంది. అదే స్పాంజిని నిలువుగా పట్టుకోండి, మళ్లీ కారుతుంది. మట్టి ఎత్తు పెరిగేకొద్దీ పైభాగం నుంచి నీరు దిగిపోయి గాలికి చోటు దొరుకుతుంది. మూడు అంగుళాల కంకర ఆ ఎత్తును తినేసింది. ఎనిమిది అంగుళాల మట్టిలో నాలుగు ఎప్పుడూ బురదే. కుండపెంకు ఒక్కటి చిల్లు మీద బోర్లిస్తే ఇబ్బంది లేదు, అది మట్టి జారకుండా ఆపడానికి. దోమల జాలీ ముక్క అయితే ఇంకా మేలు. పొరగా పరిచిన కంకరతోనే తంటా.

మట్టి ఎంత గాలి పీలుస్తుందో కొలవడం ఎవరైనా చెయ్యగలిగిన పని. అడుగున చిల్లులు పెట్టిన 5 లీటర్ల పెయింటు డబ్బా తీసుకుని చిల్లులకు టేపు అంటించాలి. మట్టి నింపి, పైదాకా నీళ్లు తేలేవరకూ నెమ్మదిగా పోసి, అరగంట ఆగాలి. తర్వాత టేపు తీసి, కారిన నీటిని కొలజాడీలో పట్టాలి. కారినంత నీటి చోటులోకి గాలి వస్తుంది. ఈ మేడ మీది మట్టికి కారింది 200 మిల్లీలీటర్లు, అంటే 4 శాతం. కుండీ మొక్కకు 10 నుంచి 20 శాతం ఉండాలి. ఇళ్ల పునాదుల్లో తవ్వి తీసిన ఎర్రమట్టిని అలాగే నింపడం వల్ల వచ్చిన ఫలితం ఇది. నేల మీద బాగా పనిచేసే ఎర్రమట్టి కుండీలో రోజూ మగ్గుతో పోసే నీళ్లకి సంవత్సరంలో ఇటుకలా గడ్డకడుతుంది. రేగడి అయితే మరీ కష్టం: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి సర్రున కిందికి పోతాయి. కింద నీళ్లు కారాయి కదా అని మనం ఊరుకుంటాం, మట్టిగడ్డ లోపల మాత్రం పొడిగా ఉంటుంది.

నీళ్ల లెక్క

ఇల్లు బోరు మీద నడుస్తోంది. బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 780. తాగడానికి ఆర్.ఓ. మిషన్ పెట్టారు, దాని వ్యర్థపు నీళ్లు వృథా పోకూడదని డ్రమ్ములో పట్టి ఎనిమిది నెలలుగా మొక్కలకు పోస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మిషన్ మంచినీళ్లను ఒక పక్కకు తీసి, అందులో ఉన్న లవణాలన్నీ రెండో పక్కకు నెడుతుంది. డ్రమ్ములో నీళ్ల టీడీఎస్ 1150 వచ్చింది.

టీడీఎస్ అంకె లీటరుకు మిల్లీగ్రాములు. కుండీకి రోజూ లీటరు పోస్తే రోజుకు గ్రామున్నర లోపు ఉప్పు, నెలకు దాదాపు 35 గ్రాములు. కింద పళ్లెం ఉంది కాబట్టి కారిన నీళ్లను మట్టి మళ్లీ పీల్చుకుంటుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. దాని మీద ప్రతి 15 రోజులకూ పెద్ద చెంచాడు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు, ఇదీ లవణమే), అంటే నెలకు ఇంకో 25 గ్రాముల పైమాట. కుండీ అంచున, మట్టి పైన కనిపించిన తెల్లటి పొర ఈ జమాఖర్చే. అందులో కొంత సున్నంగా గట్టిపడి కూర్చుంటుంది, అది ఈసీని (కరిగిన ఉప్పును విద్యుత్ ప్రసారం ద్వారా తెలిపే కొలత) పెద్దగా పెంచకపోయినా మట్టిని క్షారంగానే ఉంచుతుంది.

కుండీ లోపలి సంగతి తెలుసుకోవడానికి కుండీని మామూలుగా తడిపి, ముప్పావుగంట ఆగి, కింద శుభ్రమైన పళ్లెం పెట్టి, 150 మిల్లీలీటర్ల ఆర్.ఓ. తాగునీరు పైన చుట్టూ పోస్తాం. కింద మొదట కారిన 50 మిల్లీలీటర్లలో మీటరు ముంచుతాం. వేర్లు తాగుతున్న నీరు దాదాపు అదే. మందార కుండీలో 3400 వచ్చింది, పీహెచ్ (పులుపు, క్షారం కొలత; 7 దాటితే క్షారం) 8.2. మామూలు టీడీఎస్ పెన్నులో ఈ అంకెను 500తో భాగిస్తే ఈసీ 6.8. కుండీ మొక్కలకు 1 నుంచి 2.5 దాకా సుఖం. 3.5 దాటితే అంచులు కాలడం మొదలవుతుంది.

ఆకు పసుపు కారణం కూడా ఇక్కడే దొరికింది. ఇనుము మట్టిలో లేక కాదు. పీహెచ్ 7.5 దాటాక అది వేరు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. బోరు నీటిలోని బైకార్బొనేటు, డీఏపీలోని భాస్వరం రెండూ కలిసి ఇనుమును కట్టిపడేశాయి. అంతకుముందు ఎవరో చెబితే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు, ఇనుము లవణం) చెంచాడేసి మట్టిలో కలిపారట. ఇంత క్షారపు మట్టిలో అది నాలుగు రోజుల్లో తుప్పుగా మారుతుంది, మొక్కకు అందదు. కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద కూడా వేస్తున్నారు. ఈ నీళ్లలో కాల్షియం కావలసినదానికంటే ఎక్కువే ఉంది, బూడిద క్షారాన్ని ఇంకా పెంచుతుంది. రెండూ ఆపించాం.

ఏప్రిల్‌లో చెయ్యగలిగింది, చెయ్యకూడనిది

హైదరాబాద్‌లో కుండీ మార్చడానికి మంచి కాలం ఫిబ్రవరి, లేదంటే తొలకరి పడ్డాక జూన్ చివర, జూలై. 40 డిగ్రీల ఎండలో వేర్లు కదిపితే సగం మొక్కలు పోతాయి. అందుకని కుండీలన్నిటినీ ఒకే చికిత్స కిందికి తేలేదు. ప్రతి కుండీలో లీటరు నీళ్లు పోసి గడియారం చూశాం. పది నిమిషాల్లో పైన నిలిచిన నీరు ఇంకిపోయి కింద కారితే ఉప్పు కడగవచ్చు. పది నిమిషాలు దాటినా పైన నిలిచే ఉంటే కడగడం అంటే ముంచడమే, దాన్ని ఎండాకాలమైనా మార్చక తప్పదు. 22 కుండీలు మొదటి రకం, 12 రెండో రకం. నాలుగు మొక్కలు అప్పటికే పోయాయి, కొమ్మ గీరితే ఎక్కడా పచ్చ లేదు.

ముందు పళ్లాలన్నీ తీసేశాం. ఒక్కో కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి స్లాబు నుంచి వేలెడు ఎత్తు లేపాం. చిల్లులు 10 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో ఆరుకు పెంచాం, నాలుగు అడుగున, రెండు పక్కగోడకు అడుగునుంచి అంగుళం లోపు ఎత్తులో. అడుగు చదునుగా కూర్చున్నా పక్క చిల్లు మూసుకోదు. ఈ ఒక్క మార్పుతోనే వారంలో కొన్ని మల్లెలు తేరుకున్నాయి.

ఉప్పు కడగడానికి కుండీ పరిమాణానికి రెండు రెట్లకు తగ్గకుండా నీళ్లు కావాలి. 15 లీటర్ల కుండీకి 30 నుంచి 45 లీటర్లు. ఇందుకు బోరు నీళ్లు పనికిరావు, మున్సిపల్ నల్లా నీళ్లు వాడాం, టీడీఎస్ 310. ఏసీ పైపు నుంచి కారే నీటిని బకెట్లలో పట్టి చివరి విడతకు కలిపాం, దాని టీడీఎస్ 20 లోపే. ఒకేసారి గుమ్మరించకూడదు. 5 లీటర్లు నెమ్మదిగా, 20 నిమిషాల విరామం, మళ్లీ 5 లీటర్లు. విరామంలోనే మట్టిగడ్డ లోపలి ఉప్పు నీళ్లలోకి వస్తుంది. గబగబా పోస్తే నీళ్లు తెరుచుకున్న దారులవెంట జారిపోతాయి, లోపలి ఉప్పు అక్కడే ఉంటుంది. రోజుకు నాలుగైదు కుండీల చొప్పున పొద్దున్నే మొదలుపెడితే ఆరు రోజులు పట్టింది. మొదట చూసిన మందార మార్చాల్సిన జాబితాలోకి పోయింది. దాని పక్కదే, 3100 ఉన్న ఇంకో మందార, 35 లీటర్ల తర్వాత 980కి దిగింది.

ఇక్కడ ఒక తప్పు దొర్లింది. ఒక గుండుమల్లెలో పై మట్టి గుల్లగా ఉండటంతో నీళ్లు చకచకా ఇంకాయి, కడిగే జాబితాలో పెట్టాం. అడుగున బంకమట్టి గడ్డ ఉంది. 30 లీటర్లు పోశాక మూడు రోజులు మురుగులా నిలిచి మొక్క మొత్తం నల్లబడి పోయింది, కడిగే జాబితాలో 21 మిగిలాయి. పైన ఇంకితే చాలదు, పోసిన లీటరులో కనీసం సగం కింద కారడం కళ్లతో చూడాలి. తర్వాతి కుండీలన్నిటికీ ఇదే కొలత పెట్టాం.

మార్చాల్సిన 12 కుండీలకు మట్టి కలిపిన లెక్క 60 లీటర్లకు ఇది: జల్లించిన ఎర్రమట్టి 18 లీటర్లు, వరి ఊక 15, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 12, వర్మీకంపోస్టు 9, జల్లెడ పట్టి తీసిన 2 నుంచి 4 మిల్లీమీటర్ల గరుకు ఇసుక 6. కలిపాక సన్నవి పెద్దవాటి సందుల్లో దూరి 54 లీటర్ల దాకా వస్తుంది. సన్న ఇసుక వేస్తే సిమెంటు పోసినట్టు బిగుస్తుంది, వేయకపోవడమే నయం. వరి ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా చివకదు, ఏడాదికి పైగా మట్టిని గుల్లగా ఉంచుతుంది. రెండు వారాల్లో కుండీల్లో వరి మొలకలు లేస్తాయి, పీకేస్తే సరి. ఊకను కాల్చి బూడిద చేసి వేయవద్దు, ఈ నీళ్లకు క్షారం తోడవుతుంది. కోకోపీట్‌లో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. ఇటుకలా అచ్చుపోసి అమ్మే కోకోపీట్‌ను నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి, మూడుసార్లు కడిగాకే వాడాలి. పిండిన నీటిలో మీటరు ముంచితే 500 లోపు రావాలి. కుండీకి 50 గ్రాముల వేపపిండి. ఈ మిశ్రమానికి పెయింటు డబ్బా పరీక్షలో 750 మిల్లీలీటర్లు కారింది, 15 శాతం.

మార్చింది సాయంత్రం ఐదు తర్వాత. కుళ్లిన వేర్లు మాత్రం కత్తిరించాం, తెల్లవేర్ల చుట్టూ ఉన్న మట్టి విదల్చలేదు. పోయిన వేర్లకు సరిపడా పైకొమ్మల్లో మూడో వంతు తీసేశాం. రెండు వారాలు 50 శాతం ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద. ఎరువు ఏదీ వేయలేదు, కోతపడ్డ వేరు మీద ఎరువు నీళ్లు పుండు మీద కారమే. ఇంతా చేసి ఒక గులాబి, ఒక నిమ్మ పోయాయి.

రోజువారీ నీళ్లు

ఆర్.ఓ. వ్యర్థపు నీళ్లు మేడ మెట్లు కడగడానికీ, బాత్‌రూముకూ మళ్లాయి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి కాబట్టి మొత్తం వాటితో గడవదు. సగం నల్లా, సగం బోరు కలిపితే టీడీఎస్ 540. ఆ నీటి క్షారాన్ని విరచడానికి 10 లీటర్లకు 2 నుంచి 3 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ఎంత వేయాలన్నది నీటిని బట్టి మారుతుంది. గ్రాము చొప్పున కలుపుతూ పీహెచ్ కాగితం 6.5 చూపగానే ఆపాలి. ఉత్త బోరు నీళ్లే అయితే 4 గ్రాములైనా పట్టవచ్చు. మందార, నిమ్మ, మల్లెలకు ఇది వారానికి రెండుసార్లు చాలు.

ఎన్నిసార్లు పోయాలి అన్నదానికి గడియారం పనికిరాదు. కుండీని ఒక పక్క ఎత్తి చూడటం అలవాటు చేసుకోవాలి. నిండా తడిసిన 12 అంగుళాల కుండీకీ, పోయాల్సిన దశలో ఉన్న కుండీకీ మూడు నాలుగు కిలోల తేడా ఉంటుంది, వారంలో చేతికి తెలిసిపోతుంది. మే నెలలో ఈ మేడ మీద రోజూ, ఎండ నేరుగా పడే నల్ల కుండీలకు పొద్దునా సాయంత్రం. వానాకాలం ముసురులో వారం దాకా అవసరం పడదు. చలికాలం మూడు నాలుగు రోజులకొకసారి. పోసిన ప్రతిసారీ మాత్రం నిండా పోయాలి, పోసినదాంట్లో ఆరో వంతు, ఏడో వంతు కింద కారాలి. రోజూ అరమగ్గు చిలకరించడం ఎండాకాలంలో అన్నిటికంటే చెడ్డ అలవాటు: పై రెండు అంగుళాలు తడుస్తాయి, ఉప్పంతా అక్కడే పేరుకుంటుంది, వేర్లు పైకే వచ్చి ఎండకు మాడతాయి.

పూర్తిగా ఎండి గోడ విడిచిన మట్టిగడ్డకు కొద్దిగా పోసి, పావుగంట ఆగి, మళ్లీ పోయాలి. చిన్న కుండీనైతే బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి తీయడం సులువు.

ఎరువు

ఎనిమిది నెలల డీఏపీతో ఈ కుండీల్లో భాస్వరం కావలసినంత పేరుకుంది. అందుకే అందరూ వాడే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) ఇక్కడ వద్దనుకున్నాం. కడిగిన కుండీలకు పది రోజులు ఆగి, 13:0:45 (భాస్వరం లేని పొటాషియం నైట్రేటు) లీటరుకు ఒక గ్రాము, యూరియా అరగ్రాము కలిపి, కుండీకి లీటరు చొప్పున పది రోజులకొకసారి. చెంచా లెక్కలు నమ్మకూడదు, చిన్న చెంచా నిండుగా ఒకరిదైతే 4 గ్రాములు, ఇంకొకరిదైతే 7. బంగారం తూచే రకం చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఎరువు మీద పెట్టే ఖర్చు దానికదే తగ్గుతుంది. పొడి మట్టికి ఎరువు నీళ్లు పోయకూడదు. ముందు మామూలు నీళ్లు, అరగంట తర్వాత ఎరువు.

కడిగేటప్పుడు ఉప్పుతో పాటు నత్రజని కూడా పోతుంది. ఆ పది రోజుల్లో కింది ముదురు ఆకులు ఒకే తీరున పాలిపోతే కంగారు పడనక్కర్లేదు, అది నత్రజని లోటు, మొదటి విడతతో సర్దుకుంటుంది. ఇనుము లోటుకు పసుపు పైన లేత ఆకుల్లో, ఈనెలు పచ్చగా ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే ఒకదాని మందు ఇంకోదానికి వేస్తాం.

ఇనుముకు రెండు మార్గాలు వాడాం. ఆకుల మీద అన్నభేది 3 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు ఏసీ నీటిలో కలిపి, సాయంత్రం పూట వారానికొకసారి, మూడుసార్లు. మట్టికి మాత్రం ఈడీడీహెచ్‌ఏ రకం ఇనుము చెలేటు (ఇనుమును కరిగే రూపంలో పట్టి ఉంచే పదార్థం, ఈ రకం క్షారపు మట్టిలోనూ పట్టు వదలదు) లీటరుకు ఒక గ్రాము, కుండీకి లీటరు, ఒక్కసారి. షాపులో ఇనుము చెలేటు అని అడిగితే ఈడీటీఏ రకం ఇస్తారు, పీహెచ్ 6.5 దాటితే అది పట్టు వదిలేస్తుంది, ఇలాంటి మట్టిలో డబ్బు దండగ. ప్యాకెట్ మీద పేరు చదివే కొనాలి. కొత్త ఆకులు మూడు వారాల్లో పచ్చగా వచ్చాయి. పసుపు తిరిగిన పాత ఆకులు పూర్తిగా తేరుకోలేదు, వాటి కోసం మందు పెంచనక్కర్లేదు.

వేరుశనగ చెక్క మీద ఇంటివారికి మక్కువ. 100 గ్రాములు లీటరు నీటిలో ఐదు రోజులు నానబెట్టి, ఆ తేట పది రెట్ల నీళ్లతో, నెలకొకసారి, జూలై నుంచి ఒప్పుకున్నాం. చెక్క పొడిని నేరుగా మట్టిపై చల్లినప్పుడు బూజు పట్టి సన్న ఈగలు ముసిరాయి, ఆ రెండు కుండీల పైమట్టి అంగుళం తీసేసి ఇసుక పరచాల్సి వచ్చింది.

ఆగస్టు నాటికి

జూన్ చివర వానలు పడ్డాక కడిగిన 21 కుండీలనూ కొత్త మట్టిలోకి మార్చాం. ఆగస్టు రెండో వారంలో లెక్క: 38లో 31 మొక్కలు బతికి ఉన్నాయి. కారిన నీటి టీడీఎస్ కుండీని బట్టి 700 నుంచి 1200 మధ్య. మందారలు రోజూ పూస్తున్నాయి. మల్లె వేసవి పూత ఈ ఏడాదికి పోయినట్టే, డిసెంబరు కత్తిరింపు తర్వాతే అసలు సంగతి తెలుస్తుంది. కరివేపాకుల్లో రెండు ఇంకా పాలిపోయే ఉన్నాయి. వాటి వేర్లు కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని ఉండగా జూన్‌లో విడదీయకుండానే నాటారు. ఫిబ్రవరిలో మళ్లీ తీసి, చుట్టను నాలుగు వైపులా నిలువుగా కోసి, 18 అంగుళాల కుండీలో వేయాలి. అందాకా వాటికి ఎరువు సగం మోతాదే. అన్ని కుండీలకూ నెలకొకసారి 50 మిల్లీలీటర్ల పరీక్ష, 1500 దాటిన కుండీకి వెంటనే 30 లీటర్ల కడుగు.